ముందు గొర్రెల అరుపు ఎక్కడిదో చూడండి

దేవుని మాట పూర్తిగా వినాలని ఉంటే కొత్త తీర్మానాలు మాత్రం రాసుకోకండి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మనం చేసుకున్న తీర్మానాలు సంక్రాంతికల్లా ఏమైపోతాయో మనకే తెలుసు. ముందు 1 సమూయేలు 15వ అధ్యాయం నింపాదిగా చదవండి. అమాలేకీయుల్నీ వాళ్ళ పశువుల్నీ ఏదీ మిగల్చకుండా నాశనం చేయమని దేవుడు సౌలు రాజుకు చెప్పాడు. సౌలు పైకి ఎదురు తిరగలేదు, యుద్ధానికి వెళ్ళాడు, గెలిచాడు, చాలావరకు చెప్పినట్టే చేశాడు. వాళ్ళ రాజు అగగునీ, మంచి గొర్రెల్నీ, ఎడ్లనీ మాత్రం ఉంచేశాడు, ఆ పశువులు బలి ఇవ్వడానికేనట! ఆజ్ఞ నెరవేర్చానని ధైర్యంగా చెప్తుంటే వెనక గొర్రెలు అరుస్తున్నాయి, మరి ఆ అరుపులెక్కడివయ్యా అని ప్రవక్త సమూయేలు అడిగాడు.

కాబట్టి మొదటి పని మీ ఇంట్లో అరుస్తున్న గొర్రె ఏదో కనిపెట్టడం. ప్రార్థనకు కూర్చుంటే ఏ విషయం దగ్గర మనసు పక్కకు తప్పుకుంటుందో, ఏ ప్రసంగం వింటే "ఇది ఫలానావాళ్ళు వినాల్సిందే" అనిపిస్తుందో, చాలాసార్లు అది అక్కడే ఉంటుంది.

మాది చిత్తూరు దగ్గర పల్లె, చెరకు వేసి బెల్లం వండే ఇల్లు. బెల్లం తెల్లగా ఉంటేనే మండీలో రేటు, అందుకని వండేటప్పుడు హైడ్రోస్ అని రంగు తెల్లబరిచే రసాయనం వేసేవాళ్ళం, అందరూ వేస్తున్నారు కదా అని. మేం తినడానికి మాత్రం అది వేయకుండా ఒక పాకం విడిగా దించుకునేవాళ్ళం (నవ్వకండి, నిజం). అమ్మగా వచ్చిన డబ్బులో దశమభాగం లెక్క తప్పకుండా కవర్లో పెట్టేవాణ్ణి. ఒకరోజు ఇంట్లో ప్రార్థనప్పుడు సామెతలు 11:1, "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని చదువుతుంటే, మా అమ్మ "మన త్రాసు బాగానే ఉంది నాయనా, పాకమే..." అని ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గొర్రె దొరికాక ఆలస్యం చేయకండి, అలాగని జీవితం మొత్తం ఒక్కరోజులో మార్చేస్తానని బయల్దేరకండి. 2 రాజులు 5లో కుష్ఠు ఉన్న సిరియా సేనాధిపతి నయమానుకు కోపం వచ్చింది పని పెద్దదని కాదు, ప్రవక్త బయటికి కూడా రాకుండా అంత చిన్న పని చెప్పి పంపాడని. యొర్దానులో ఏడుసార్లు మునగమన్నారు, ఆరుసార్లు మునిగి గట్టెక్కి ఉంటే కుష్ఠు అలాగే ఉండేది. నేను హైడ్రోస్ వేయని ఒక్క పాకంతో మొదలుపెట్టాను. ఆ వారం మండీలో రేటు తగ్గించే అడిగారు. దేవుడు వెంటనే రెట్టింపు ఇచ్చాడని సాక్ష్యం చెప్పాలని నాకూ ఉంది గానీ, ఇవ్వలేదు.

అది డబ్బు విషయమైతే, అన్యాయంగా తీసుకున్నది తిరిగిస్తానన్న పన్నుల అధికారి జక్కయ్యలాగా తిరిగి ఇచ్చేయండి. మనిషి విషయమైతే మత్తయి 5:23-24 చూడండి, కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరునితో సమాధానపడమంటాడు యేసు. గట్టు తగాదాతో మాట్లాడని అన్న తిరుపతిలో ఉంటే వాట్సాప్‌లో వాక్యం పంపి ఊరుకోకండి, 70 కిలోమీటర్లే కదా, బస్సెక్కి వెళ్ళండి. వెళ్ళాక తప్పెవరిదో తేల్చే పని మాత్రం పెట్టుకోవద్దు, అక్కడే మళ్ళీ చెడుతుంది.

మనసు రావడం లేదంటారా? మత్తయి 21లో యేసు చెప్పిన కథలో, తండ్రి ద్రాక్షతోటలో పనికి పొమ్మంటే పోనన్న కొడుకే తర్వాత మనసు మార్చుకుని తోటకు పోయాడు. అయితే అక్కడితో ఆగకూడదు, ఎందుకంటే అమజ్యా రాజు మంచి పనులే చేశాడు గానీ పూర్ణహృదయంతో చేయలేదని 2 దినవృత్తాంతములు 25:2 చెబుతుంది. నేను 86వ కీర్తనలోని "నా హృదయమునకు ఏకదృష్టి కలుగజేయుము" అన్న మాటనే రోజూ ప్రార్థనగా చెప్పుకుంటాను, పొడవాటి ప్రార్థన నాకు రాదు కూడా.

ఒక జాగ్రత్త. దేవునికి లోబడటం అంటే మైకు పట్టుకున్న ప్రతివాళ్ళకీ లోబడటం కాదు. పొలం అమ్మి ఇవ్వమన్నా, అప్పు చేసి కానుక వేయమన్నా, పౌలు బోధను కూడా లేఖనాల్లో వెతికి చూసుకున్న బెరయ ఊరివాళ్ళలాగా లేఖనాలతో పోల్చి చూడండి. ఇదంతా చేస్తే రక్షణ దొరుకుతుందని కూడా అనుకోవద్దు, ఎఫెసీ 2వ అధ్యాయంలో ముందు కృప, ఆ తర్వాతే క్రియలు.

మధ్యలో జారిపోతారు, నేనూ ఒక సీజన్‌లో అప్పుల టెన్షన్‌తో మళ్ళీ హైడ్రోస్ డబ్బా తెచ్చాను. అలా జరిగితే మీ మంచి కోరే ఒక్క మనిషికి చెప్పుకుని, మర్నాడే మళ్ళీ మొదలుపెట్టండి. ఈ ఏడాది మా ఇంటికని విడిగా పాకం దించలేదు, మండీకి పంపేదే మేమూ తింటున్నాం.