సెల్ చాప్టర్‌ని టేబుల్ వేసి బట్టీ కొట్టకండి, జబ్బు వైపు నుంచి వెనక్కి చదవండి

నర్సింగ్ అయినా ఫిజియోథెరపీ అయినా ఎంఎల్‌టీ అయినా ఎంబీబీఎస్ అయినా ఫస్టియర్‌లో ఫిజియాలజీ బుక్ తెరిస్తే మొదట తగిలేది సెల్ చాప్టరే, ఇంటర్ బైపీసీలో చదివేశాం కదా అని అందరం లైట్ తీసుకుంటాం. నేనూ అంతే, ఎడమ పక్క భాగం పేరు, కుడి పక్క దాని పని రాసి టేబుల్ వేసుకుని నోటికి పట్టేసి వైవాకి వెళ్ళా. సార్ ఒకటే అడిగారు, ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు కదమ్మా, మరి దానికి ఏటీపీ, అంటే కణం ఖర్చుపెట్టే శక్తి, ఎక్కణ్ణుంచి వస్తుంది అని. నోట్లోంచి పవర్ హౌస్ తప్ప ఇంకోటి రాలేదు. ఆ రోజు నుంచి టేబుల్ వేయడం మానేశా.

ఇప్పుడు నేను జూనియర్లకి చెప్పే పద్ధతి ఇది. ఒక తెల్ల పేపర్ మీద పెద్ద సెల్ గీయండి, ఒక్కో భాగం దగ్గర మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. ఇది చేసే పనేంటి, ఆ పని ఆగితే ఏది పేరుకుపోతుంది లేదా ఏది కరువవుతుంది, ఆ దెబ్బ ముందు ఏ అవయవంలో బయటపడుతుంది. మూడోది అందరూ వదిలేస్తారు, మార్కులు మాత్రం అక్కడే ఉంటాయి.

మెంబ్రేన్, అంటే సెల్ చుట్టూ ఉండే పొర దగ్గర మొదలుపెట్టండి, టైమ్‌లో సగం దీనికే ఇచ్చినా తప్పులేదు. కాకరకాయ ముక్కలకి ఉప్పు రాసి పక్కన పెడితే కాసేపటికి నీళ్ళూరి గిన్నె అడుగున చేరతాయి కదా, ఆస్మాసిస్ అంటే అదే, ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్ళు అటు పోతాయి. ల్యాబ్‌లో ఇదే రక్తంతో చేయిస్తారు, ఆ రోజు క్లాస్ మాత్రం ఎగ్గొట్టకండి. 0.9 శాతం సెలైన్‌లో రక్తం చుక్క వేసి కలిపితే ట్యూబ్ మసక ఎరుపులో ఉంటుంది, వెనక పేపర్ పెడితే అక్షరాలు కనపడవు. అదే 0.3 దగ్గర ట్యూబ్‌లో అయితే నీళ్ళు లోపలికి జొరబడి కణాలన్నీ పగిలిపోయి ద్రవం తేటగా రోజ్‌మిల్క్ కాకుండా రూఅఫ్జాలా అవుతుంది, అక్షరాలు చక్కగా చదవొచ్చు. మామూలు రక్తంలో పగలడం దాదాపు 0.5 దగ్గర మొదలవుతుంది. హెరిడిటరీ స్ఫిరోసైటోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ళకి అంతకన్నా ముందే, ఉప్పు ఇంకా ఎక్కువున్నప్పుడే పగులుతాయి, ఎందుకంటే మెంబ్రేన్ కింద ఉండే స్పెక్ట్రిన్, యాంకిరిన్ లాంటి ప్రోటీన్లలో లోపం ఉండి కణం పళ్ళెంలా ఉండాల్సింది గుండ్రంగా అయిపోతుంది. సగం నిండిన గోనెసంచిలో ఇంకా పడుతుంది, మూతిదాకా కుక్కిన సంచి పిగిలిపోతుంది, అంతే తేడా. మూడో ప్రశ్నకి జవాబు ప్లీహం, అక్కడి ఇరుకు సందుల్లో ఈ గుండ్రటివి దూరలేక చిక్కుకుపోతాయి.

తర్వాత ఆ మెంబ్రేన్‌లోనే ఉండే సోడియం పొటాషియం పంప్. మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి, ఒక ఏటీపీ ఖర్చు. దీన్ని 1957లో బయటపెట్టిన డెన్మార్క్ ఆయన జెన్స్ స్కౌకి నోబెల్ వచ్చింది 1997లో, నలభై ఏళ్ళకి!

ఇక నాకు బాగా నచ్చింది సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ చానల్, ఒకే తలుపు, రెండు జబ్బులు. కలరా టాక్సిన్ పేగు సెల్‌లో సైక్లిక్ ఏఎంపీ అనే సిగ్నల్‌ని పెంచేసి ఆ తలుపు మూసుకోకుండా చేస్తుంది, క్లోరైడ్ బయటికి పోతుంది, దాని వెంట సోడియం, వాటి వెంట నీళ్ళు, మనిషి గంటల్లో ఎండిపోతాడు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో రివర్స్, తలుపు తెరుచుకోదు, నీళ్ళు రావు, ఊపిరితిత్తుల్లో కళ్ళె జిగురులా పట్టేస్తుంది, పాంక్రియాస్ గొట్టాలు మూసుకుపోతాయి. మరి చెమట ఎందుకు ఉప్పగా ఉంటుంది అని అడుగుతారు, చెమట గొట్టంలో ఇదే చానల్ ఉప్పుని వెనక్కి లాక్కునే పని చేస్తుంది, అది పనిచేయకపోతే ఉప్పంతా చర్మం మీదే మిగులుతుంది. పాపని ముద్దు పెట్టుకుంటే నాలుకకి ఉప్పు తగులుతుందన్నమాట. కలరాకి ఓఆర్ఎస్ ఎందుకు పనిచేస్తుందో కూడా ఇక్కడే రాసుకోండి, గ్లూకోజ్, సోడియం కలిసి లోపలికి వెళ్ళే వేరే ద్వారం పేగులో ఉంది, దాన్ని కలరా ముట్టుకోదు. అందుకే పంచదార లేని ఉత్త ఉప్పు నీళ్ళతో పని జరగదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో కలిపి ఇచ్చి ప్రాణాలు నిలబెట్టింది దీంతోనే.

మైటోకాండ్రియా దగ్గర ఒక ట్రాప్ ఉంది. దీని సొంత జన్యువులు 37, అవి అమ్మ నుంచే వస్తాయి, లెబర్ ఆప్టిక్ న్యూరోపతి అనే కంటి నరం జబ్బులో చూపు పోయిన తండ్రి నుంచి పిల్లలకి రాదు. కానీ మైటోకాండ్రియా ప్రోటీన్లలో ఎక్కువ భాగం న్యూక్లియస్ జన్యువులే తయారుచేయిస్తాయి, కాబట్టి మైటోకాండ్రియా జబ్బు కనపడగానే అమ్మ నుంచే అని రాసేయకండి. దెబ్బ ఎక్కడంటే ఏటీపీ ఎక్కువ తాగేచోట, కన్ను, మెదడు, గుండె, కండరం. ఏటీపీ పేరెత్తితే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి, 1929లో జర్మనీలో లోమన్ కనుక్కున్న సమయంలోనే విడిగా హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దాన్ని కండరంలోంచి తీశారు.

ఇక నా వైవా ప్రశ్నకి జవాబు, గ్లైకాలిసిస్. ఎర్ర రక్తకణం (ఆర్‌బీసీ) 120 రోజులూ ఒట్టి గ్లూకోజ్ విరగ్గొట్టుకునే బతుకుతుంది. పక్కదారిలో జీ6పీడీ ఎంజైమ్‌తో ఎన్ఏడీపీహెచ్ అనే రక్షణ సరుకు చేసుకుని ఆక్సిడెంట్ల నుంచి కాచుకుంటుంది, ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళకి మలేరియాకని ప్రైమాక్విన్ ఇస్తే కణాలు పగిలి మూత్రం కోకాకోలా రంగులో వస్తుంది.

లైసోసోమ్ (సెల్‌లో చెత్త అరిగించే సంచి), గాల్జీ (ప్రోటీన్లని ప్యాక్ చేసి పంపే పోస్టాఫీస్) రెండూ కలిపి చదవండి. లైసోసోమ్ ఎంజైమ్‌కి మానోజ్ 6 ఫాస్ఫేట్ అనే అడ్రస్ అంటించేది గాల్జీ. అడ్రస్ లేకపోతే పార్సిల్ రక్తంలోకి పోతుంది, లోపల చెత్త పేరుకుంటుంది, ఐ సెల్ డిసీజ్ అంటే అదే. ఎంజైమ్ తయారవుతూనే ఉంటుంది, అందుకే రక్తంలో చూస్తే ఎక్కువే కనపడుతుంది. అసలు ఎంజైమే లేకపోతే కథ వేరు. టే సాక్స్ అనే జబ్బులో గాంగ్లియోసైడ్ అనే కొవ్వు పేరుకుంటుంది, అది ఎక్కువుండేది నరాల కణాల్లో కాబట్టి మెదడు దెబ్బతింటుంది. గాషే డిసీజ్‌లో పాత రక్తకణాల్ని తినే మాక్రోఫేజ్‌లు అరిగించుకోలేక ఉబ్బుతాయి, అందుకే ప్లీహం, కాలేయం పెరుగుతాయి.

సిలియా, అంటే కణం మీద ఊగే సన్నటి వెంట్రుకల్లాంటివి, వాటి గురించి అవి సరిగ్గా ఊగని కార్టజెనర్ సిండ్రోమ్ ఒక్కటి రాసుకుంటే చాలు. న్యూక్లియస్‌కి సికిల్ సెల్, డీఎన్ఏలో ఒక్క అక్షరం మారి హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ అనే గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వాలీన్ వస్తుంది. ఆదిలాబాద్ ఏజెన్సీ వైపు పోస్టింగ్ పడితే పేషెంట్లనే చూస్తారు.

పరీక్ష ముందు రోజు బుక్ మూసేసి ఖాళీ పేపర్ మీద ఇదంతా మళ్ళీ గీయండి, ఎక్కడ చెయ్యి ఆగిందో ఆ పేజీ ఒక్కటే తిరగేయండి. ఆ పేపర్ పారేయొద్దు, రికార్డ్ వెనక పెట్టుకోండి, తర్వాత నెర్వ్ చాప్టర్ మొదటి పేజీలోనే మళ్ళీ ఆ మూడు సోడియం, రెండు పొటాషియం ఎదురవుతాయి.