అత్తగారి చేతి కొలతతో ఇంటి పుస్తకం

మా అత్తగారికి 82 ఏళ్లు. బెల్లం పులుసులో ఉప్పెంత వెయ్యాలని అడిగితే "సరిపడా వెయ్యడమే, దానికేటి లెక్క" అంటారు. ఆవిడ తప్పు చెప్పడం లేదు. ఆ లెక్క ఆవిడ వేళ్లలో ఉంది, నోటికి రాదు. అందుకే ఇంటి వంటల పుస్తకం రాసుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇది: అడిగి రాయకండి, పక్కన నిలబడి తూచి రాయండి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అందులో కలిసింది. ఆంధ్రాలోని పాతపట్నం మాకు కూతవేటు దూరం. ఇంట్లో మాట తెలుగు, పిల్లల చదువు ఒడియా, ఇంగ్లీషు. భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి "మామ్మ పులుసు ఎలా చెయ్యాలి?" అని అడిగేది. నేను చెప్పేది, అది చేసేది, రుచి కుదిరేది కాదు. కొనుక్కున్న వంటల పుస్తకాలు రెండున్నాయి, మంచివే. కానీ వాటిలోనూ "తగినంత ఉప్పు" అనే ఉంటుంది. మామ్మకి తగినంత ఎంతో వాటికేం తెలుసు?

కావలసినది ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా. వంట మొదలుపెట్టకముందే ఉప్పు డబ్బా, కారం డబ్బా, చింతపండు జాడీ, బెల్లం గిన్నె ఒక్కోటీ తూచి కాగితం మీద రాసుకోండి. ఆ తరవాత పెద్దావిడని ఆవిడ పని చేసుకోనివ్వండి. చేతికి చెంచా ఇవ్వొద్దు, చెయ్యి పట్టుకుని ఆపొద్దు. ఆపితే ఆ చెయ్యి తడబడుతుంది, రోజూ వేసేంత వెయ్యదు. వంట అయ్యాక డబ్బాలన్నీ మళ్లీ తూచండి. మా ఇంట్లో ఆనపకాయ బెల్లం పులుసు పెట్టిన రోజు ఉప్పు డబ్బా ముందు 812 గ్రాములుంది, తరవాత 797. అంటే 15 గ్రాములు. ఇంకో వారం చూస్తే 17, మూడోసారి 14. పుస్తకంలో 15 అని రాశాను. ఒక్కసారి తూచి రాసేయకండి. ఆనపకాయ లేతదైతే నీళ్లు ఎక్కువ ఊరతాయి, చింతపండు కొత్తదైతే పులుపు వేరుగా ఉంటుంది. మూడుసార్లు చూస్తేనే ఆ చేతి అలవాటు తెలుస్తుంది.

గిన్నె కూడా ముఖ్యమే. ఏ గిన్నెలో, ఎంతమందికి వండారో రాయండి.

ఇంక పాత కొలతలు. మా ఇంట్లో ఇత్తడి సోల, గిద్ద ఇప్పటికీ ఉన్నాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మా వైపు లెక్క ఇదే గానీ గిన్నెలు అన్ని ఊళ్లలో ఒకటి కావు. మీ ఇంటి సోలని తూచి ఆ బరువు మీ పుస్తకం మొదటి పేజీలో రాయండి. మా సోలలో బియ్యం పోసి పైన చేత్తో సమం చేస్తే 210 గ్రాములు పట్టాయి. ఏ దినుసుకి ఆ దినుసే విడిగా తూచాలి. సోలెడు ఆవపిండి, సోలెడు కారం, సోలెడు ఉప్పు బరువులో ఒకటి కావు.

ఇది నాకు ఆవకాయ నేర్పిన పాఠం. నాలుగు సోలల ముక్కలకి సోల ఆవపిండి, సోల కారం, సోల ఉప్పు అని రాసుకున్నాను. అత్తగారు వేసేది కల్లుప్పు, ఎండబెట్టి కచ్చాపచ్చాగా దంచినది. ఆ ముక్క నేను రాయలేదు. మరుసటి ఏడు ఆవిడకి ఒంట్లో బాగులేక నేనే కలిపాను, ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పుతో. అదే సోలలో మెత్తటి ఉప్పు బరువు ఎక్కువ పట్టింది. జాడీ జాడీ ఉప్పుకషాయం. ఇంకో 12 కాయలు కొట్టించి, ఉప్పు వెయ్యకుండా ఆవపిండి, కారం, నూనె మాత్రం కలిపి అందులో పోస్తే గానీ దారికి రాలేదు. అప్పటినుంచి ఉప్పు అని ఒక్క మాట రాయను. కల్లుప్పా, దంచినదా, మెత్తటిదా, ఎన్ని గ్రాములు అనేది రాస్తాను.

తూకానికి అందనివి కొన్ని ఉంటాయి. వాటికి గుర్తులు రాయాలి. గుమ్మడి వడియాలకి మినప్పిండి ఎంతసేపు రుబ్బాలంటే అత్తగారు టైము చెప్పలేదు. గిన్నెలో నీళ్లు పోసి, వేలి కొసతో పిండి చుక్క ఒకటి వేశారు. మునిగింది. మళ్లీ రుబ్బించారు, అరచేత్తో గిన్నె అంచుకి కొట్టి కొట్టి గిలక్కొట్టారు. రెండో చుక్క తేలింది. "ఇంక చాలు" అన్నారు. నేను రాసినది ఆ చుక్క గురించే. పక్కింటి ఒడియా మావుసి (పిన్నిని ఒడియాలో అలా అంటారు) బొడి, అంటే వాళ్ల వడియాలు, పెట్టేటప్పుడూ ఇదే పరీక్ష చేస్తుంది. ఆవిడ బూడిద గుమ్మడికాయని పాణి కఖారు అంటుంది, మినుముల్ని బిరి అంటుంది. చుక్క మాత్రం రెండిళ్లలోనూ తేలాల్సిందే. గుమ్మడి ముక్కలకి ఉప్పు, పసుపు రాసి రాత్రంతా గుడ్డలో మూటకట్టి మీద బరువు పెట్టాలని కూడా రాశాను. ఏ బరువు? మా ఇంట్లో అయితే రుబ్బురోలు పొత్రం.

ఆవ పెట్టే కూరలకి గుర్తు ఇంకోలా ఉంటుంది. పొయ్యి మీదనుంచి దించాక, గిన్నె అంచు చేత్తో ముట్టుకోగలిగినంత చల్లారాక ఆవముద్ద కలపాలి. వేడి మీద కలిపితే ఘాటు పోయి చేదు వస్తుంది.

రాసే భాష గురించి ఒక మాట. మా ఊళ్లో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. ఆయన నడిచిన ఊళ్లో ఉంటూ "లవణము, తగు పరిమాణము" అని రాయడానికి నాకు మనసొప్పదు. అత్తగారు "పులుసు గలగల్లాడాలి" అంటే అలాగే రాయండి. "ముక్కని నొక్కితే వేలు దిగాలి" అంటే అదీ రాయండి. పిల్లలకి ఆ మాట చదివితే మనిషి గొంతు వినపడాలి. మా పిల్లలు తెలుగు కూడబలుక్కుని చదువుతారు కాబట్టి గొలుసుకట్టు రాత వద్దు, అక్షరం విడివిడిగా, కాస్త పెద్దగా రాయండి. బజార్లో అడగడానికి వీలుగా ఒడియా పేరు పక్కన పెట్టండి: మునగాకు అంటే సొజొనా శాగొ, చోళ్లు (రాగులు) అంటే మాండియా, ఆవాలు అంటే సొరిషొ. జెల్ పెన్ను వాడకండి, తడి చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. మామూలు బాల్ పెన్ను గానీ పెన్సిల్ గానీ మంచిది.

వరస ఎలా పెట్టాలి అంటే, నేను అక్షర క్రమం పెట్టలేదు, ఏడాది క్రమం పెట్టాను. ఎండ ముదిరాక వడియాలు, మామిడి ఒరుగులు, ఆవకాయ. జూన్ నడుమ ఒడియావాళ్ల రొజొ పండక్కి మావుసి నేర్పిన పోడొ పిఠా, అంటే కాల్చి చేసే పిండివంట. మార్గశిరంలో లక్ష్మివారాలు, ఆ నెలలో పక్కింట్లో కొత్త ధాన్యంతో మాణొ అనే కొలపాత్ర నింపి పూజలో పెడతారు, మేం అమ్మవారికి పరవాన్నం పెడతాం. వంటలతోపాటు ఇంటి పనులూ రాయండి: పాత చీరలతో బొంత ఎన్ని మడతలు వేసి కుట్టాలి, కొత్త మట్టికుండని గంజితో ఎలా పదును చెయ్యాలి, చింతపండుకి ఉప్పు ఎంత కలిపి దాచాలి.

ఇప్పుడు పుస్తకం కుట్టడం. ఏ కాగితాలైనా సరే, కాస్త మందంగా ఉంటే మేలు. నాలుగు కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి సగానికి మడిస్తే 16 పేజీల చిన్న పుస్తకం అవుతుంది. మడత మీద మూడు బెజ్జాలు దబ్బనంతో పొడవండి: ఒకటి నడుమ, మిగతా రెండూ పైనా కిందా అంచుకి రెండువేళ్ల దూరంలో. లావు నూలుదారానికి మైనం రాయండి, జారిపోదు. సూదిని లోపలినుంచి నడిమి బెజ్జంలోకి దించి బయటికి తియ్యండి, కొసన జానెడు దారం లోపల వదలండి. బయటినుంచి పై బెజ్జంలోకి, లోపలే నడిమిది దాటుకుని కింది బెజ్జంలోంచి బయటికి, మళ్లీ నడిమి బెజ్జంలోంచి లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి. లోపలి పొడుగు దారానికి చెరోపక్క ఒక్కో కొస ఉండేలా చూసి, దాని మీద బిగించి ముడెయ్యండి.

పులుసులకి ఒకటి, ఊరగాయలకి ఒకటి, వడియాలకి ఒకటి, ఇంటి పనులకి ఒకటి, ఇలా విడివిడిగా కుట్టండి. వాటికి పై అట్ట ఒకటే. చీరల పెట్టె అట్టని రెండు ముక్కలు చేసి, నడుమ రెండువేళ్ల ఖాళీ వదిలి, పాత నేత చీర ముక్క మీద అంటించండి. చెంచాడు మైదా ఐదు చెంచాల నీళ్లలో ఉడికిస్తే జిగురు తయారు. బరువు కింద ఒక రోజు నీడన ఆరనివ్వండి. తరవాత ఆ ఖాళీ పైనుంచి కిందకి నాలుగు ఎలాస్టిక్ తాళ్లు బిగించి, ఒక్కో చిన్న పుస్తకాన్ని నడిమికి తెరిచి ఒక్కో తాడు కింద దూర్చండి. ఊరగాయల రోజున అదొక్కటే తీసి వంటింట్లోకి తీసుకెళ్లొచ్చు, మిగతావాటికి నూనె అంటదు. మైదా వాసనకి పురుగు వస్తుంది కాబట్టి ఎండిన వేపాకు మధ్యమధ్య పెడుతుంటాను.

మా దానిలో పనసపొట్టు ఆవకూర పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. లేత పనసకాయలు వచ్చేసరికి మాఘం దాటుతుంది. ఆ కాయ కొట్టడం అత్తగారే చెయ్యాలి, చేతికి నూనె ఎంత రాసుకుంటారో కూడా ఈసారి చూడాలి. కాటాలో కొత్త సెల్లు వేసి అలమారలో పెట్టాను.