గట్టులో గూడు పెట్టే పిట్టల్ని కనిపెట్టడం, వాటికి ఇబ్బంది లేకుండా చూడటం ఎలా

ఫిబ్రవరి చివర్నించి జూన్ దాకా మన వైపు వాగు గట్లు, చెరువు మట్టి తవ్విన గుంతలు, రోడ్డు కోసం మిట్ట కోసిన చోట్లు కాస్త పరీక్షగా చూడండి. పసిరికలు (ఇంగ్లీషులో గ్రీన్ బీ-ఈటర్), లకుముకి పిట్టలు పుల్లలు తెచ్చి గూడు కట్టవు, మట్టిలో బొరియ తవ్వుకుని అందులోనే గుడ్లు పెడతాయి. పాలపిట్ట కూడా వీటికి చుట్టమే గానీ అది చెట్టు తొర్రలో పెడుతుంది, దానికోసం గట్లు వెతకొద్దు.

ముందు పసిరిక. కరెంటు తీగ మీద కూర్చుని ఉన్నట్టుండి గాల్లోకి లేచి తేనెటీగనో తూనీగనో పట్టుకుని మళ్లీ అదే తీగ మీదికొచ్చి దాన్ని టపటపా బాదుతుంది చూడండి, అదే. ఆకుపచ్చ ఒళ్లు, కంటి మీదుగా నల్ల గీత, తోక మధ్యలో సన్నగా పొడుచుకొచ్చిన రెండు ఈకలు. దీనికి నీళ్లు దగ్గర్లో ఉండాలనేం లేదు, ఇసుక కలిసిన మెత్తటి నేల ఉంటే చాలు. నిలువు గట్టు దొరికితే సరే, లేదంటే వాలు నేలలో, ఒక్కోసారి దాదాపు చదునుగా ఉన్న నేలలో కూడా తవ్వేస్తుంది, అందుకే నడిచేటప్పుడు కింద చూసుకుంటూ నడవండి. ముక్కుతో పొడిచి కాళ్లతో మట్టి వెనక్కి చిమ్ముతుంది, ముందు వేళ్లు కొంత మేర అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ పని బాగా సాగుతుంది. అంత చిన్న పిట్ట ఒక్కోసారి మీటరున్నర లోతు వెళ్లిపోతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చివర్లో కాస్త వెడల్పు గది, పరుపు లాంటిదేం ఉండదు, ఒట్టి మట్టి మీదే మూడు నుంచి ఐదు దాకా తెల్లటి గుడ్లు.

లకుముకికైతే నిలువు గట్టే కావాలి. చిన్న నీలి లకుముకి నీళ్ల పక్కనే పెడుతుంది, తెల్ల రొమ్ముది మాత్రం మిడతల్ని, తొండల్ని కూడా తింటుంది కాబట్టి నీళ్లకి దూరంగా రోడ్డు పక్క గట్టులోనూ, పాత మట్టి బావుల గోడల్లోనూ పెట్టేస్తుంది.

ఇక బొరియ ఎవరిదో ఎలా తెలుస్తుంది? నేల మట్టానికి ఉన్నవి ఎక్కువగా ఎలుక కలుగులు, తడి బురదలో ఉంటే ఎండ్రకాయవి. పిట్టది సాధారణంగా గట్టు పై భాగంలో గుండ్రంగా ఉంటుంది, పసిరికదైతే చిన్న నిమ్మకాయ పట్టేంత, లకుముకిది ఇంకొంచెం పెద్దది. కింద కొత్తగా రాలిన మట్టి కుప్ప ఉందా చూడండి, ద్వారం అడుగున రెండు కాళ్ల ఒరిపిడికి పడిన రెండు సన్నటి గాడులు ఉన్నాయా చూడండి. లకుముకి పిల్లలు లోపలుంటే ద్వారం నుంచి తెల్లగా రెట్ట కారి, చేపల నీచు వాసన కూడా వస్తుంది. ద్వారానికి అడ్డంగా సాలెగూడు ఉంటే మాత్రం అందులో ఎవరూ లేనట్టే. ఇదంతా దూరం నుంచి బైనాక్యులర్‌తో చూసేదే, పుల్ల పెట్టి కెలకడం, టార్చి వెయ్యడం, ఫోన్ లోపలికి పెట్టడం అస్సలు వద్దు, గట్టు అంచు మీదికెక్కి చూడటం కూడా వద్దు, ఇసుక నేల కదా, పైకప్పు కూలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది మీరు ఎక్కడ నిలబడ్డారన్నది. జీవశాస్త్రవేత్త మిలింద్ వాట్వే, ఆయన టీమ్ పసిరికల మీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. మనిషికి బొరియ కనబడే చోట ఉంటే పిట్ట లోపలికి వెళ్లడానికి వెనకాడుతుందట, అంతే దూరంలో ఉన్నా బొరియ కనబడని చోట ఉంటే అంత వెనకాడదట. అంటే దూరం ఒక్కటే కాదు, మనకేం కనబడుతోందో కూడా అది లెక్కేసుకుంటోంది! గట్ల దగ్గర కూర్చుంటే నాకూ ఇదే కనిపిస్తుంది, నోట్లో తూనీగతో తీగ మీద అటూ ఇటూ జరుగుతూ, తల తిప్పి చూస్తూ, ట్రీ ట్రీ అంటూ ఉంటుంది గానీ దిగదు, నేను తాటిచెట్టు వెనక్కి జరిగానంటే చటుక్కున దూరిపోతుంది. కాబట్టి పిట్ట మేత పట్టుకుని అలా కూర్చుండిపోయిందంటే లోపల పిల్లలు ఆకలితో ఉన్నాయని, మీరే అడ్డమని అర్థం చేసుకుని వెంటనే పక్కకెళ్లండి. ముప్పై నలభై మీటర్ల దూరంలో చెట్టు చాటున కూర్చోండి, పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరాక వాటికీ కష్టమే మీకూ కష్టమే. ఫొటో లొకేషన్ గ్రూపుల్లో పెట్టకండి, మర్నాటికి పదిమంది చేరతారు. ఇంకోటి, అడవి పక్షుల గుడ్లని, గూళ్లని కదిలించడం కూడా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది.

పొలం ఉన్నవాళ్లు ఇంకో మంచి పని చెయ్యొచ్చు. గుంత తవ్వినప్పుడు అన్ని వైపులా వాలుగా చెక్కించెయ్యకుండా, మనుషులు పశువులు తిరగని వైపు ఒక్కటి ఒకటిన్నర రెండు మీటర్ల ఎత్తున నిలువుగా వదిలెయ్యండి. నల్లరేగడి అయితే ఎండకి బీటలిస్తుంది, పనికిరాదు, ఇసుక కలిసిన ఒండ్రు గానీ గరప నేల గానీ బాగుంటుంది. ముళ్లకంపలు, తీగలు గట్టుకి ఆనుకుని ఉంటే పాములకీ ముంగిసలకీ నిచ్చెన వేసినట్టే, అవి కొట్టెయ్యండి, పైనుంచి వాన నీరు గట్టు మీదుగా కారకుండా చిన్న కాలువ తియ్యండి. ఇవన్నీ డిసెంబరు జనవరిలోపే అయిపోవాలి. ఫిబ్రవరి చివర్నించి జేసీబీ తెచ్చే పనుంటే ముందు ఒక పొద్దున కూర్చుని చూడండి, పిట్టలు రాకపోకలు చేస్తుంటే ఆ ముక్క వదిలేసి మిగతా చోట తవ్వించుకోండి, డ్రైవర్‌కి నోటిమాటగా చెప్తే మర్చిపోతాడు, నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. పసిరిక పిల్లలు గుడ్డులోంచి వచ్చాక మూడు నాలుగు వారాల్లో ఎగిరిపోతాయి. రాకపోకలు పూర్తిగా ఆగాక ఇంకో వారం చూసి అప్పుడు మిగిలింది తవ్వుకోవచ్చు.