క్యానిస్టర్ ఫిల్టరు – నాలుగో పాఠం: డబ్బా విప్పే రోజు

క్యానిస్టర్ ఫిల్టరంటే చేపల ట్యాంకు బయట ఉండే మూత బిగించిన డబ్బా. ఒక గొట్టంతో ట్యాంకు నీళ్లు లాగి, శుభ్రం చేసి, ఇంకో గొట్టంతో తిరిగి ట్యాంకులోకి పంపుతుంది. పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? నీళ్లు ట్యాంకులో పడే గొట్టాన్ని పక్కకు తిప్పి, స్టూలు మీద పెట్టిన 10 లీటర్ల బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో చూసి, ఆ లెక్క డబ్బా మీద టేపు అంటించి రాయమన్నాను. మా ఇంట్లో మూడడుగుల ట్యాంకుకి 60 సెకన్లు పట్టింది. అంటే గంటకి 600 లీటర్లు. అట్టపెట్టె మీద 1000 అని ఉంది కదా, మోసపోయామా అనుకోకండి. అది లోపల స్పాంజీలు, రింగులు లేకుండా, నీటిని పైకెత్తే పని లేకుండా కొలిచిన లెక్క. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో పట్టేది 190 లీటర్లు. గంటకి మూడుసార్లు తిరుగుతోందంటే మన చేపలకి బాగానే ఉన్నట్టు.

అదే బకెట్టు, అదే స్టూలు. ఇప్పుడు నిండడానికి 90 సెకన్లు పడుతోందా? అయితే విప్పే రోజు వచ్చింది. క్యాలెండరు చూసి విప్పే అలవాటు నాకు లేదు. గోల్డ్ ఫిష్ ఉన్న ట్యాంకుకి ఆరేడు వారాలకే ఆ స్థితి వస్తుంది, నాలుగు చిన్న టెట్రా చేపలు ఉన్న ట్యాంకుకి మూడు నెలలైనా రాదు. బకెట్టు చెప్పే మాటే నమ్మండి.

విప్పే ముందు ఒక మాట. మనం కడగబోయేది అంట్ల గిన్నె కాదు, పెరుగు తోడు. చేప విసర్జించే అమ్మోనియాని నైట్రోసోమోనాస్ జాతి బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, దాన్ని నైట్రోస్పైరా జాతి నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోది వారం వారం నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా కాపురం ఉండేది స్పాంజి రంధ్రాల్లో, సెరామిక్ రింగుల మీద. పాలలో వేసిన తోడు తెల్లారేసరికి గిన్నెంతా పెరుగు చేస్తుంది. ఇవి అలా కాదు, రెట్టింపు కావడానికే ఒక రోజు దాకా పట్టొచ్చు. కొత్త ట్యాంకు కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పట్టేది అందుకే.

మొదటిసారి నాకీ సంగతి తెలియదు. ఆదివారం పొద్దున్నే అన్నీ బాత్రూం కుళాయి కింద పెట్టి, రింగులు తెల్లగా మెరిసేదాకా తోమాను. ఇంట్లోవాళ్లు కూడా మెచ్చుకున్నారు. బుధవారానికి చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గురువారం రెండు పోయాయి. కుళాయి నీళ్లలో ఉన్న క్లోరిన్ తోడు మొత్తాన్నీ చంపేసింది.

ఇక పనిలోకి వద్దాం. మొదటి పని ఫిల్టరు దగ్గర కాదు, ట్యాంకు దగ్గర. రెండు బకెట్ల నిండా ట్యాంకు నీళ్లే తోడి పక్కన పెట్టండి. ఇది మరిచిపోయి డబ్బా విప్పేసి, తర్వాత తడి చేతులతో నీళ్లకోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ. "మాది బోరు, క్లోరిన్ ఉండదుగా" అంటారేమో. హైదరాబాద్ అపార్టుమెంట్లలో సంపులో బోరు నీళ్లు, నల్లా నీళ్లు, ట్యాంకరు నీళ్లు కలిసే ఉంటాయి, వాచ్‌మన్ ఎప్పుడు బ్లీచింగ్ పౌడరు వేశాడో మనకి తెలియదు. చేతికందే దూరంలో ట్యాంకు నీళ్లు ఉండగా ఆ జూదమెందుకు?

తర్వాత ప్లగ్గు పీకేయండి. స్విచ్చి ఆపితే చాలదు, పీకాలి. హీటరు ఉంటే అదీ. గాలి పంపు మాత్రం ఆడుతూనే ఉండాలి. ఇప్పుడు గొట్టాల దగ్గరున్న రెండు వాల్వులూ మూయండి. రెండూ అన్నాను. ఒకటి మూసి గొట్టం ఊడదీస్తే రెండో దాంట్లోంచి ట్యాంకు నీళ్లు నేల మీదికి నడిచొస్తాయి. అడ్డం తిరిగిన వాల్వు పిడి మూసినట్టు, గొట్టం వెంట నిలువుగా ఉంటే తెరిచినట్టు. చాలా ఫిల్టర్లలో ఇదే పద్ధతి. మీ దాంట్లో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

గొట్టాలు ఊడదీసి, డబ్బాని నిటారుగానే పట్టుకుని బాత్రూంకి తీసుకెళ్లండి. నిండా నీళ్లతో 8, 10 కిలోలు ఉంటుంది. క్లిప్పులు వదులు చేసి మూతని నిదానంగా పైకి లాగండి. ట్రేలు ఒక్కొక్కటే తీసే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి. నీళ్లు కింది నుంచి పైకి పోయే డబ్బాలో ముతక స్పాంజి కింద, రింగులు మధ్యలో, సన్న దూది పైన ఉండాలి. తిరగేసి పెడితే దూది పది రోజుల్లోనే పూడుకుపోతుంది.

ముతక స్పాంజిని మొదటి బకెట్టులో ముంచి అరచేతుల మధ్య పిండండి. కాఫీ డికాక్షన్ లాంటి నీళ్లు దిగుతాయి. మూడుసార్లు పిండితే చాలు. ఇంకా గోధుమరంగు దిగుతోందే అని నాలుగోసారి చెయ్యి వెళ్తుంది, ఆపుకోండి. స్పాంజి తెల్లబడాల్సిన పని లేదు, నీళ్లు దూరితే చాలు. రింగుల ట్రేని రెండో బకెట్టులో రెండుసార్లు ముంచి లేపండి, అంతే. వాటిని వేళ్లతో ముట్టుకోవద్దు. సన్న దూది మాత్రం పారేసి కొత్తది పెట్టండి. మందు వాసనో, పసుపు రంగో పోగొట్టడానికి కార్బన్ వాడుతుంటే అదీ ఈసారికి మార్చేయాలి. రింగులు మార్చాల్సి వస్తే ఒకసారికి మూడోవంతుకి మించొద్దు, మిగతావి రెండు మూడు నెలల తర్వాత.

ఖాళీ డబ్బాని కుళాయి కింద కడగొచ్చు. దాని గోడల మీద బ్యాక్టీరియా పెద్దగా ఉండదు. సబ్బు మాత్రం వద్దు, చివర్లో ఒక చెంబు ట్యాంకు నీళ్లతో కడిగేయండి.

ఇప్పుడు అందరూ వదిలేసే భాగం. మూతని తిరగేస్తే మధ్యలో గుండ్రటి చిన్న మూత కనిపిస్తుంది. అది తిప్పితే నీళ్లని నెట్టే ఇంపెల్లరు చేతికొస్తుంది: అయస్కాంతపు కడ్డీ, దాని తలమీద చిన్న రెక్కలు, మధ్యలోంచి అగ్గిపుల్లంత సిరామిక్ ఇరుసు. ఇరుసు గాజులా విరుగుతుంది. దాన్ని పక్కకి వంచి లాగకూడదు, నిటారుగా పైకి లాగాలి. ఒకసారి విరగ్గొట్టి, విడిభాగం దొరికేదాకా ఎనిమిది రోజులు గాలి పంపుతో నెట్టుకొచ్చాను. అయస్కాంతం మీద జిగురు ఉంటే పాత టూత్ బ్రష్షుతో తీసేయండి. బోరు నీళ్ల ఊళ్లలో తెల్లటి సున్నపు పొర కడుతుంది, అది బ్రష్షుకి రాదు. వెనిగర్‌లో అరగంట నానబెడితే మెత్తబడుతుంది. తర్వాత బాగా కడగాలి. ఫిల్టరు గరగరమంటోందని కొత్తది కొనబోయే వాళ్లకి నేను ముందు ఈ అరగంట పని చెబుతాను.

మూత అంచు చుట్టూ ఉన్న రబ్బరు రింగు తీసి వేళ్ల మధ్య తిప్పుతూ చూడండి. ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీళ్లు కారతాయి. తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. వాజిలీన్ వద్దు, అది కొన్నిరకాల రబ్బరుని ఉబ్బిస్తుంది.

ట్రేలు ఫొటో చూసుకుంటూ పేర్చి, డబ్బాని మిగిలిన ట్యాంకు నీళ్లతో అంచుకి రెండంగుళాల కింద వరకు నింపి మూత బిగించండి. గొట్టాలు తగిలించి వాల్వులు తెరవగానే నీళ్లు తమంతట తామే దిగుతాయి, ట్యాంకులో గాలి బుడగలు పైకొస్తాయి. గుడగుడలు ఆగేదాకా ప్లగ్గు పెట్టొద్దు. పెట్టాక కూడా చప్పుడుంటే డబ్బాని అటూ ఇటూ కొద్దిగా ఊపండి. కింద పాత న్యూస్‌పేపరు పరవండి. చుక్క పడితే మచ్చ వెంటనే కనబడుతుంది. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి చూడండి.

మొత్తం పని ముప్పావుగంటలో అయిపోవాలి. మూసిన డబ్బాలో నీళ్లు కదలకపోతే బ్యాక్టీరియాకి ఊపిరాడదు. కరెంటు పోయినా ఇదే లెక్క. నాలుగైదు గంటలు పోయిందంటే, కరెంటు వచ్చి ఫిల్టరు దానంతటదే ఆడకముందే ప్లగ్గు పీకి, విప్పి వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ నీళ్లు పారబోసి, స్పాంజీలు, రింగులు ట్యాంకు నీళ్లలో కడిగాకే ఆడించండి. లేకపోతే ఆ విషమంతా ఒక్కసారిగా చేపల మీద పడుతుంది.

రెండో రోజూ నాలుగో రోజూ అమ్మోనియా పరీక్ష చేయండి. సున్నా ఉండాలి. సున్నాకి ఏమాత్రం మించినా 30 శాతం నీళ్లు మార్చి, రెండు రోజులు మేత ఆపండి. ఫిల్టరు జోలికి మాత్రం వెళ్లొద్దు. టేపు మీద ఈ రోజు తేదీ, బకెట్టు నిండిన సెకన్లు రాయండి.

గొట్టాల లోపల పేరుకున్న జిగురు సంగతి అయిదో పాఠంలో. దానికి రెండువైపులా తలలున్న పొడవాటి స్ప్రింగు బ్రష్షు కావాలి, ఈలోపు తెచ్చిపెట్టుకోండి.