చిన్న పికప్ బండికి స్పార్క్ ప్లగ్గులు ఇంటి దగ్గరే మార్చుకునే విధానం

డీజిల్ బండ్లకు స్పార్క్ ప్లగ్గులు (ఇంధనాన్ని నిప్పురవ్వతో మండించే భాగాలు) ఉండవు కనుక, ఈ పని పెట్రోలు లేదా సీఎన్‌జీతో నడిచే పికప్‌లకే వర్తిస్తుంది. రెండు సిలిండర్ల టాటా ఏస్ పెట్రోలు బండికి ఇంజను సీటు కిందే ఉంటుంది.

ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి; వేడి మీద ప్లగ్గు విప్పితే ప్లగ్గు బిగిసే అల్యూమినియం హెడ్డు (ఇంజను పైమూత) లోని మరలు చెడిపోతాయి, ఆ మరమ్మతు ఖర్చు ముందు ప్లగ్గుల ధర ఏ మూలకూ రాదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ప్లగ్గు గుంతలో పేరుకున్న దుమ్మును గాలితో ఊదేయాలి. ఇది దయచేసి మానవద్దు, ఒక్క ఇసుక రేణువు లోపల పడినా సిలిండర్ గోడపై గీతలు పడతాయి. ప్లగ్గుల వైర్లు తారుమారు కాకుండా ఒక్కొక్క ప్లగ్గునే మార్చాలి.

తీసిన ప్లగ్గును వెలుతురులో పరిశీలించండి. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. పొడి మసి పట్టి ఉంటే ఇంధనం ఎక్కువవుతోందని, నూనె తడి ఉంటే ఆయిల్ లోపలికి చేరుతోందని, తెల్లగా పొక్కులు లేచి ఉంటే ఇంజను మితిమీరి వేడెక్కుతోందని అనుమానించాలి.

కొత్త ప్లగ్గు గ్యాప్‌ను, అంటే నిప్పురవ్వ దూకే కొన దగ్గరి ఖాళీని, బండి పుస్తకంలోని కొలతతో ఫీలర్ గేజ్ (సన్నని రేకుల కొలత పరికరం) పెట్టి సరిచూడాలి. సీఎన్‌జీని మండించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి, ఆ బండ్లలో ఈ కొలత మరీ ముఖ్యం. ప్లగ్గు వెనుక చిన్న రబ్బరు గొట్టం తొడిగి చేతితోనే తిప్పాలి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. వాషరు ఉన్న కొత్త ప్లగ్గు ఆనిన తరువాత, పుస్తకంలో టార్క్ (ఎంత బలంతో బిగించాలో ఆ కొలత) ఇవ్వకపోతే, పానాతో మరో అరచుట్టు బిగిస్తే సరిపోతుంది.