వానలకు ముందే ఆటోమేటిక్ కారు వైరింగ్ చూపించుకోండి

వానాకాలంలో ఆటోమేటిక్ కారు గేరు మారకుండా మొరాయించినా, కుదుపులతో నడిచినా చాలామంది గేర్‌బాక్స్ పోయిందనే నిర్ణయానికి వచ్చేస్తారు. నిజానికి ఈ కార్లలో ఏ గేరు ఎప్పుడు పడాలో నిర్ణయించేది ఒక కంప్యూటర్. స్పీడ్ సెన్సార్ల నుంచీ, గేర్ లివర్ స్విచ్ నుంచీ, బ్రేక్ స్విచ్ నుంచీ వచ్చే సంకేతాలను చూసుకుని అది సొలినాయిడ్లకు, అంటే గేర్‌బాక్స్‌లో నూనె దారులను తెరిచి మూసే కరెంటు కవాటాలకు, కరెంటు పంపుతుంది. మామూలు గేర్‌బాక్స్‌నే యంత్రంతో నడిపించే ఏఎంటీ కార్లలో అయితే క్లచ్‌నూ గేర్లనూ కదిలించే యాక్చువేటర్‌కు పంపుతుంది. ఈ సంకేతాల్లో ఒకటి తెగిపోయినా, కరెంటు చాలకపోయినా ఆ కంప్యూటర్ గేర్‌బాక్స్‌ను కాపాడటానికి చాలా కార్లలో రెండో గేరులోనో మూడో గేరులోనో బండిని నిలిపేస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. లోపల పళ్లు అరిగినప్పుడు కనిపించే లక్షణాలే తడిసిన కనెక్టర్ వల్ల కూడా కనిపిస్తాయి కాబట్టి, గేర్‌బాక్స్ విప్పమని చెప్పే ముందు కరెంటు దారి మొత్తం చూపించుకోవడం తప్పనిసరి.

మా సొంత కారు విషయంలోనే ఇది జరిగింది. రెండు వానలు పడేసరికి సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ బండి ఒక్క కుదుపు కుదిపి మూడో గేరులో ఉండిపోయేది. ఒక వర్క్‌షాప్‌లో గేర్‌బాక్స్ దించాలని చెప్పారు. ఆ మాటకు ఒప్పుకోకుండా పాత ఎలక్ట్రీషియన్ ఒకాయన దగ్గరికి తీసుకెళితే, ఆయన మల్టీమీటర్ నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర తీగను గేర్‌బాక్స్ ఒంటి మీద పెట్టి స్టార్టర్ తిప్పమన్నారు. 0.2 వోల్టులు దాటకూడని చోట 0.8 చూపించింది. బ్యాటరీ ట్రే కింద, గేర్‌బాక్స్‌ను బ్యాటరీ నెగెటివ్‌కు కలిపే ఎర్త్ పట్టీ బోల్టు విప్పితే పట్టీ కన్ను చుట్టూ ఆకుపచ్చని చిలుము మందంగా పేరుకుని ఉంది. రాగి పోగుల్లో సగం వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయాయి. పట్టీ మార్చి, బోల్టు కూర్చునే చోటును ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించారు. ఆ కుదుపు మళ్లీ రాలేదు.

అందుకే మృగశిర కార్తెకు ముందే ఎర్త్ పట్టీలు చూపించుకోవాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, 12.2 ఉంటే ఛార్జింగు సగమే ఉన్నట్టు. స్టార్ట్ చేసేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే ఆ బ్యాటరీని వానాకాలానికి నమ్ముకోకూడదు. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూస్తే సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. గేర్‌బాక్స్ మీది కనెక్టర్ల రబ్బరు సీళ్లు పగిలాయేమో, వైపర్ల కింది నీటి కాలువలో ఆకులు అడ్డుపడి నీళ్లు కంప్యూటర్ మీదికి కారుతున్నాయేమో కూడా గమనించండి. వానలకు ఎలుకలు బానెట్ కిందికి చేరి వైర్లు కొరుకుతాయి కాబట్టి, బండి చాలా రోజులు కదలకుండా ఉంటే వారానికోసారి బానెట్ ఎత్తి చూడటం మంచిది. ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ గది కడిగించడం మాత్రం వద్దు. సీళ్లు ఎంత బాగున్నా ఆ వేగానికి నీళ్లు లోపలికి దూరే ప్రమాదం ఉంది.

లోపం వచ్చాక మొదటి పని స్కానర్ పెట్టి, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు రాసుకోవడం. బ్యాటరీ విప్పితే అవి చెరిగిపోవచ్చు కాబట్టి ముందే రాసుకోవాలి. పి0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో లోపం నమోదైందని మాత్రమే అర్థం. పి0715, పి0720 స్పీడ్ సెన్సార్ల సర్క్యూట్లను, పి0705 గేర్ లివర్ స్విచ్ సర్క్యూట్‌ను సూచిస్తాయి. వాటితో పాటు పి0562 కూడా ఉంటే వోల్టేజీ తగ్గిందని అర్థం; ముందు దాన్ని సరిచేయకుండా సెన్సార్లు కొనడం డబ్బు దండగ. కోడ్ సర్క్యూట్‌ను చూపిస్తుందే గానీ అందులో చెడిపోయిన భాగాన్ని చూపించదు. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా ఓమ్ మీటర్‌కు బాగానే కనిపిస్తుంది, లోడు పడ్డప్పుడే అది బయటపడుతుంది. కాబట్టి కరెంటు ప్రవహిస్తుండగా వోల్టేజీ ఎంత పడిపోతోందో కొలవమనండి, కనెక్టర్ దగ్గర వైర్లను మెల్లగా కదిలిస్తూ రీడింగు చూడమనండి. యూ0101 వచ్చి గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో సంబంధం తెగితే, బ్యాటరీ విప్పి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలవాలి. చాలా కార్లలో అక్కడ 60 ఓమ్‌లు ఉండాలి. 120 వస్తే కారులోని కంప్యూటర్లను కలిపే ఆ లైను ఒక చోట తెగినట్టే.

పని చేసేటప్పుడు బండి చదునైన నేల మీద ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, ఏ కనెక్టర్ తీసినా ఇగ్నిషన్ ఆపి బ్యాటరీ నెగెటివ్ విప్పాకే తీయాలి. వైరు తొక్కలోకి సూది గుచ్చి పరీక్షించే అలవాటును మాన్పించండి. వచ్చే వానకు ఆ రంధ్రంలోంచే నీళ్లు చేరి రాగి చిలుము పడుతుంది. తడిసిన కనెక్టర్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, పూర్తిగా ఆరాక తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా రాయాలి. పని అయ్యాక చాలా కార్లకు స్కానర్‌తో గేర్ల రీలెర్న్, అంటే కంప్యూటర్‌కు గేర్ల అమరికను మళ్లీ నేర్పించడం, చేయించాలి, లేకపోతే బాగైన బండి కూడా కొన్నాళ్లు కుదుపుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఎన్నో కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. అలా మునిగిన బండిని, నీళ్లు తగ్గిపోయాయి కదా అని స్టార్ట్ చేయకండి, ఇగ్నిషన్ కూడా వేయకండి. వీలైతే బ్యాటరీ నెగెటివ్ విప్పేసి, నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తరలించండి. తాడు కట్టి లాగితే నూనె పంపు తిరగక, బాగున్న గేర్‌బాక్స్ కూడా చాలా కార్లలో లోపల కాలిపోయే ప్రమాదం ఉంది.