ఫోటోషాప్‌లో తెర నల్లబడుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

కొండమీద ముహూర్తాలు వరసగా పడ్డ వారాల్లో తిరుపతిలో ఏ ఆల్బమ్ డిజైనింగ్ షాపు చూసినా అర్ధరాత్రి దాకా సిస్టమ్‌లు నడుస్తూనే ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఫోటోషాప్ మొరాయిస్తుంది. తెర ఒక్క క్షణం నల్లబడి వస్తుంది, బ్రష్ గీత చేతికన్నా వెనకబడుతుంది, లేదంటే లిక్విఫై (ముఖం, ఒంటి ఆకారం సర్దే ఫిల్టర్) తెరవగానే మొత్తం మూసుకుపోతుంది. సర్వీసు అబ్బాయిని పిలిస్తే మొదటి మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". చాలాసార్లు దాని అవసరమే ఉండదు. అది చేసినా వారానికి మళ్ళీ అదే కథ, ఎందుకంటే అసలు కారణం అక్కడే కూర్చుని ఉంటుంది.

ముందు తేల్చాల్సింది: తప్పు గ్రాఫిక్స్ వైపుదేనా?

ఎడిట్ > ప్రిఫరెన్సెస్ > పెర్ఫార్మెన్స్‌లో "యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్" టిక్కు తీసేయండి. ఫోటోషాప్ పూర్తిగా మూసి మళ్ళీ తెరవండి. ఇందాక ఏ ఫైల్ మీద, ఏ పని చేస్తుంటే తంటా వచ్చిందో మళ్ళీ అదే చేయండి. ఇప్పుడు రాకపోతే గ్రాఫిక్స్ కార్డునో, దాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌నో పట్టుకోవాలి. అప్పుడూ వస్తే ర్యామ్, స్క్రాచ్ డిస్క్, ప్లగిన్, పాడైన ఫాంట్ వంటివి చూసుకోవాలి. "స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్" అని వస్తే ఫోటోషాప్ తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే డ్రైవ్‌లో, మామూలుగా సి డ్రైవ్‌లో, చోటు లేదని అర్థం. దానికి డ్రైవర్ మార్చి లాభం లేదు.

ఫోటోషాప్ అసలు తెరుచుకోకపోతే, ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి పట్టుకోండి. సెట్టింగ్స్ తీసేయాలా అని అడుగుతుంది. ఒప్పుకునే ముందు ఒక్క జాగ్రత్త: మీరు సొంతంగా చేసుకున్న యాక్షన్లు ఫైల్‌గా సేవ్ అయి ఉండకపోతే అవీ పోతాయి.

అనూ ఫాంట్ల కోసం ఇంకా ఫోటోషాప్ 7.0 వాడుతున్నవాళ్ళకి ఇందులో చాలా భాగం వర్తించదు. అది 2002 నాటిది, గ్రాఫిక్స్ కార్డును పనిలోకి దించడం 2008లో సీఎస్4తో మొదలైంది. 7.0 నెమ్మదిస్తే ఈ కారణాలు కాదు.

పని మధ్యలో తెర బిగుసుకుపోతే పవర్ బటన్ నొక్కకండి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. ఒక బీప్ వినిపించి, తెర నల్లబడి తిరిగొస్తుంది. డ్రైవర్ ఒక్కటే రీస్టార్ట్ అవుతుంది, తెరిచిన ఫైళ్ళు మామూలుగా పోవు. తిరిగి రాగానే ముందు సేవ్ చేయండి, తర్వాతే మిగతా ఆలోచన.

లక్షణం: "యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్" బూడిదరంగులో ఉంది, టిక్కు పడదు

హెల్ప్ > జీపీయూ కంపాటిబిలిటీ (జీపీయూ అంటే గ్రాఫిక్స్ ప్రాసెసరే) తెరిస్తే ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది. కారణాలు సాధారణంగా మూడు.

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని కనిపిస్తే అసలు డ్రైవరే లేదు. కొత్తగా విండోస్ వేసినప్పుడో, అప్‌డేట్ సగంలో కరెంటు పోయినప్పుడో ఇలా జరుగుతుంది. కార్డు కంపెనీ సైటు నుంచి డ్రైవర్ దించి వేస్తే సరిపోతుంది.

రెండోది కేబుల్. కార్డు కొన్నాక మానిటర్ తీగ పాత చోటే, అంటే మదర్‌బోర్డు పోర్టులోనే ఉండిపోతుంది. బొమ్మ మామూలుగానే వస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. క్యాబినెట్ వెనక పైన నిలువుగా ఉండేవి బోర్డు పోర్టులు, కింద అడ్డంగా ఉండేవి కార్డు పోర్టులు. తీగ కింద ఉండాలి. ల్యాప్‌టాప్‌లో తీగ గొడవ లేదు గానీ విడి గ్రాఫిక్స్ ఉన్నవాటిలో రెండు చిప్‌లు ఉంటాయి. సెట్టింగ్స్ > సిస్టమ్ > డిస్‌ప్లే > గ్రాఫిక్స్‌లో ఫోటోషాప్‌ను చేర్చి "హై పెర్ఫార్మెన్స్" ఎంచుకోండి.

మూడోది ఎవరికీ నచ్చని జవాబు: కార్డు పాతబడింది. ఇప్పటి ఫోటోషాప్‌కు డైరెక్ట్‌ఎక్స్ 12 (విండోస్ కార్డుతో పని చేయించుకునే పద్ధతి), అందులోనూ ఫీచర్ లెవెల్ 12_0 (ఆ పద్ధతిలో కార్డు చేయగల పనుల స్థాయి), కనీసం 1.5 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి. మన స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే జీటీ 710, జీటీ 730లు ఆ లెవెల్‌కు చేరవు. జీటీఎక్స్ 750 టీఐ కూడా 11_0 దగ్గరే ఆగుతుంది. విండోస్ డైరెక్ట్‌ఎక్స్ 12 అని చూపిస్తుంది కదా అంటారు. అది విండోస్ సంగతి, కార్డు సంగతి వేరు. స్టార్ట్‌లో డీఎక్స్‌డయాగ్ అని కొట్టి, డిస్‌ప్లే ట్యాబ్‌లో "ఫీచర్ లెవెల్స్" వరస చూడండి. 12_0 గానీ 12_1 గానీ లేకపోతే ఏ డ్రైవర్ వేసినా ఆ టిక్కు పడదు. ఆ తరం జీటీ 710కి ఎన్విడియా 470 వరస డ్రైవర్‌తోనే ఆపేసింది. పాత వెర్షన్ ఫోటోషాప్‌తో సర్దుకోవడమో, కార్డు మార్చడమో మీ ఇష్టం. జీటీ 1030 రెండు జీబీది కనీస లెక్కకు సరిపోతుంది గానీ, దాంట్లో డీడీఆర్4 మెమరీ ఉన్నది బాగా నెమ్మది. కొంటే జీడీడీఆర్5దే కొనాలి.

లక్షణం: తెర నల్లబడి వస్తుంది, "డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి కోలుకుంది" అంటుంది

దీన్ని కాస్త వివరంగా చూడాలి. కార్డుకు పని అప్పజెప్పాక రెండు సెకన్లలో జవాబు రాకపోతే, కార్డు పడిపోయిందనుకుని విండోస్ డ్రైవర్‌ను లేపి మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ దెబ్బకు ఫోటోషాప్ ఒక్కోసారి తట్టుకుంటుంది, ఒక్కోసారి పోతుంది. నిజంగా ఇదే జరిగిందా అన్నది ఈవెంట్ వ్యూయర్‌లో తెలుస్తుంది. విండోస్ లాగ్స్ > సిస్టమ్‌లో "డిస్‌ప్లే" పేరుతో 4101 నంబరు ఉందేమో చూడండి, టైమ్ కూడా రాసుకోండి. ఆ టైమ్ తర్వాత పనికొస్తుంది.

డ్రైవర్ మీద పడేముందు వేడి చూడాలి. మే నెలలో తిరుపతి, చిత్తూరుల్లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. షట్టర్ సగం దించిన షాపులో, టేబుల్ కింద గోడకు ఆనించిన క్యాబినెట్ లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. టాస్క్ మేనేజర్ > పెర్ఫార్మెన్స్ > జీపీయూ దగ్గర విడి కార్డు వేడి కనిపిస్తుంది. పని చేస్తున్నప్పుడు 70ల్లో ఉంటే భయం లేదు. 83, 85 దగ్గరే కూర్చుంటే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటోందని అర్థం. చాలా షాపుల్లో పూజ పటం సిస్టమ్ పక్కనే ఉంటుంది. అగరుబత్తి పొగలోని జిడ్డు ఫ్యాన్ రెక్కలకు పట్టి, దాని మీద దుమ్ము అట్టకడుతుంది, ఉత్త బ్లోవర్‌తో ఊడదు. ప్లగ్ పీకి, కార్డు బయటికి తీసి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో గీకి, ఆ తర్వాత గాలి కొట్టండి. ఫ్యాన్ వదిలేసి బ్లోవర్ పెడితే అది గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. నాలుగైదేళ్ళ కార్డు అయితే థర్మల్ పేస్ట్ కూడా మార్పించండి.

వేడి బాగానే ఉంటే డ్రైవర్. నిన్నటిదాకా బాగుండి ఈరోజే మొదలైతే రాత్రి విండోస్ తనంతట తాను డ్రైవర్ మార్చి ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో కార్డు మీద రైట్ క్లిక్ > ప్రాపర్టీస్ > డ్రైవర్ > "రోల్ బ్యాక్ డ్రైవర్" చాలు. ఆ బటన్ పనిచేయకపోతే శుభ్రంగా తీసి వేయాలి. ఈ వరస తప్పకండి:

1. ముందే డ్రైవర్ దించి డి డ్రైవ్‌లో పెట్టుకోండి. ఎన్విడియా అయితే "గేమ్ రెడీ" కాదు, "స్టూడియో" డ్రైవర్. ల్యాప్‌టాప్ అయితే ముందు ఆ ల్యాప్‌టాప్ కంపెనీ సైటులోది ప్రయత్నించండి. డీడీయూ, అంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ కూడా దించుకోండి.
2. నెట్ తీగ పీకండి, వైఫై ఆపండి. లేకపోతే మీరు తీసిన మరుక్షణం విండోస్ తనకు నచ్చింది వేసేస్తుంది. ఈ మెట్టు దాటేసి "తీసి వేశాను, అయినా పోలేదు" అనేవాళ్ళే ఎక్కువ.
3. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్ > అడ్వాన్స్‌డ్ > స్టార్టప్ సెట్టింగ్స్ > రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు ఇక్కడ బిట్‌లాకర్ కీ అడగొచ్చు. 48 అంకెల ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది, ముందే రాసిపెట్టుకోండి.
4. డీడీయూలో జీపీయూ, మీ కార్డు కంపెనీ ఎంచుకుని "క్లీన్ అండ్ రీస్టార్ట్".
5. దించిపెట్టిన డ్రైవర్ వేయండి. కస్టమ్ > "క్లీన్ ఇన్‌స్టలేషన్" టిక్కు పెట్టండి. రీస్టార్ట్ అయ్యాకే నెట్ పెట్టండి.
6. ఫోటోషాప్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్కు మళ్ళీ పెట్టి, పాత ఫైల్‌తోనే పరీక్షించండి.

అప్పటికీ పెద్ద ఫిల్టర్ వేసినప్పుడు మాత్రమే నల్లబడుతుంటే ఆ రెండు సెకన్ల గడువు పెంచొచ్చు. రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్ > సిస్టమ్ > కరెంట్ కంట్రోల్ సెట్ > కంట్రోల్ > గ్రాఫిక్స్ డ్రైవర్స్ దగ్గర "టీడీఆర్ డిలే" పేరుతో, ఇంగ్లీషులో మధ్యలో ఖాళీ లేకుండా TdrDelay అని, 32 బిట్ డీవర్డ్ ఒకటి చేసి డెసిమల్‌లో 10 ఇవ్వండి. ముందు ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఇది జ్వరానికి తడిగుడ్డ లాంటిది. వేడెక్కిన కార్డుకో చచ్చిపోతున్న కార్డుకో పెడితే, రెండు సెకన్లు బిగిసే తెర పది సెకన్లు బిగుస్తుంది, అంతే తేడా.

లక్షణం: కాన్వాస్ మీద గళ్ళు, మెరుపులు, బ్రష్ వెనకబాటు

విండోస్ అంతా బాగుండి ఫోటోషాప్ కాన్వాస్ ఒక్కటే ఆడుతుంటే, ప్రిఫరెన్సెస్ > టెక్నాలజీ ప్రివ్యూస్‌లో "డీయాక్టివేట్ నేటివ్ కాన్వాస్" పెట్టి రీస్టార్ట్ చేసి చూడండి. పాత కార్డుల మీద ఇది చాలాసార్లు పనిచేస్తుంది. పెర్ఫార్మెన్స్ > అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో "30 బిట్ డిస్‌ప్లే" ఉంటే తీసేయండి. మామూలు 8 బిట్ మానిటర్‌కు దాంతో పనిలేదు. పెన్ ట్యాబ్లెట్‌తో మాత్రమే గీత వెనకబడి, మౌస్‌తో బాగుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను వదిలేసి ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో విండోస్ ఇంక్ చూడండి.

మెమరీ లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 3600×10800, దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్ళు. 8 బిట్‌లో నిండుగా ఉన్న ఒక్క లేయరే సుమారు 111 ఎంబీ, 16 బిట్‌లో రెట్టింపు. అలాంటి షీట్లు ఆరు ట్యాబుల్లో తెరిచి, పక్కన క్రోమ్‌లో పాటలు పెట్టుకుంటే రెండు జీబీ కార్డు చేతులెత్తేస్తుంది. లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ నడుస్తుంటే ఫోటోషాప్ మూసే ఉంచండి. ఆ రెండూ ఒకే కార్డు కోసం కొట్టుకుంటాయి.

లక్షణం: డ్రైవర్ మార్చాక రంగులు మారాయి

పట్టుచీర జరీ పాలిపోయి, నల్లకోటు బూడిదరంగులో కనిపిస్తుంది. ఫైల్ పాడైందనుకుని కాంట్రాస్ట్ పెంచి ల్యాబ్‌కు పంపితే ప్రింటు మసిబొగ్గులా వస్తుంది. ఫైల్‌లో ఏమీ లేదు. హెచ్‌డీఎంఐలో కొన్ని మానిటర్లను డ్రైవర్ టీవీ అనుకుని 0 నుంచి 255 దాకా పంపాల్సిన రంగును 16 నుంచి 235 దాకానే పంపుతుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ > చేంజ్ రిజల్యూషన్ కింద "యూజ్ ఎన్విడియా కలర్ సెట్టింగ్స్" ఎంచుకుని, ఆర్‌జీబీ, అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ "ఫుల్" పెట్టండి. డిజిటల్ వైబ్రెన్స్ 50లోనే ఉండాలి. క్యాలిబ్రేషన్ చేసిన మానిటర్ అయితే కలర్ మేనేజ్‌మెంట్‌లో ఆ ప్రొఫైల్ ఇంకా డిఫాల్ట్‌గానే ఉందో లేదో చూడండి, డ్రైవర్ మారినప్పుడు అది ఎగిరిపోవడం మామూలే. నైట్ లైట్ ఆపండి. ఇవన్నీ అయ్యాక, ముందే ప్రింటయి ఉన్న ఒక పాత షీటు ఫైల్ తెరిచి ప్రింటును పక్కన పెట్టి పోల్చుకోండి.

డ్రైవర్ తప్పు కానప్పుడు

రాసుకున్న టైమ్‌లు ఇప్పుడు చూడండి. అదే షాపులో జెరాక్స్ మిషనో లేజర్ ప్రింటరో ఉంటే, అది వేడెక్కే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడుతుంది. ప్రింటు కొట్టినప్పుడల్లా తెర నల్లబడుతుంటే డ్రైవర్‌ది కాదు తప్పు. లేజర్ ప్రింటర్‌ను సిస్టమ్ యూపీఎస్ మీద ఎప్పుడూ పెట్టకండి. వేరే ప్లగ్, వీలైతే వేరే లైన్ ఇవ్వండి. 600 వీఏ యూపీఎస్ అంటే దాదాపు 360 వాట్లే. కార్డు, రెండు మానిటర్లు కలిపి దాని మీద నడుస్తుంటే కరెంటు పోయి యూపీఎస్ అందుకునే క్షణంలో కూడా ఇదే జరుగుతుంది.

డివైస్ మేనేజర్‌లో "కోడ్ 43" వచ్చి, డీడీయూ తర్వాత కూడా పోకపోతే కార్డు తీసి స్లాటులో మళ్ళీ కూర్చోబెట్టండి, పవర్ పిన్ను గట్టిగా నొక్కండి, ఇంకో సిస్టమ్‌లో పెట్టి చూడండి. అక్కడా అదే వస్తే కార్డు పోయినట్టే. మనవైపు సెకండ్ హ్యాండ్ కార్డులు చాలావరకు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వస్తాయి. వాటిలో క్రిప్టో మైనింగ్‌లో నలిగినవీ ఉంటాయి. మైనింగ్ కోసం బయోస్ (కార్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చిన ఆర్‌ఎక్స్ 580కి మామూలు డ్రైవర్ కూర్చోకపోవచ్చు. కొన్ని కార్డుల అంచున రెండు బయోస్‌ల మధ్య మార్చే చిన్న స్విచ్ ఉంటుంది, సిస్టమ్ ఆపి దాన్ని అటు జరిపి చూడండి. పాత చిప్‌కు కొత్త పేరు రాసి అమ్మేవీ ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా నకిలీల పేరు ముందు "ఫేక్" అని చూపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళి, డబ్బు ఇవ్వకముందే షాపు కౌంటర్ మీద కార్డు పెట్టించి, జీపీయూ-జెడ్ తెరిచి, పది నిమిషాలు లోడు ఇచ్చి చూడండి. అందుకు ఒప్పుకోని షాపులో కొనకండి.